చింతపండుకున్న తెలివి షేర్లకేదీ?

మార్చి నెల వచ్చిందంటే మా విజయనగరం బజారులోకి కొత్త చింతపండు దిగుతుంది. సాలూరు, పార్వతీపురం అవతల కొండల మీంచి సంతలకి, సంతల నుంచి మా వీధిలోకి. మీలో చాలామందిలాగే నేనూ ఏడాదికి సరిపడా అప్పుడే కొనేసి, పిక్కలు తీసి, ఉప్పు జల్లి జాడీలో తొక్కి పెట్టుకుంటాను. శ్రావణమాసంలో షాపు ముందు నిలబడి "ఇంత రేటా!" అని ముక్కున వేలేసుకునే పని మా ఇంట్లో లేదు.

పోయిన మార్చిలో జాడీ నింపుతుంటే మావారు పక్కన కూర్చుని పిక్కలు ఏరుతూ, "చింతపండు కొనడంలో ఉన్న తెలివి ఆ షేర్లు కొన్నప్పుడు ఏమైందే?" అన్నారు. నవ్వుతూనే అన్నారు లెండి. కానీ నాకు మాత్రం చురుక్కుమంది. ఆ డబ్బు మా అమ్మ నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన మామిడితోట వాటా అమ్మగా వచ్చినది మరి.

ఇంటర్మీడియెట్‌తో ఆగిపోయిన నేను షేర్ల గురించి మీకు చెప్పడమేమిటని నవ్వకండి. చెయ్యి కాల్చుకున్నదానికే కదా పెనం ఎంత వేడో తెలిసేది!

మా తమ్ముడు కాలిఫోర్నియాలో ఇంజనీరు. వాడు పనిచేసేది చిప్పులు చేసే కంపెనీలో కాదు, చిప్పులు చేసే యంత్రాలను తయారుచేసే కంపెనీలో. మొదట్లో నాకూ ఈ తేడా తెలియలేదు. వాడే విడమరిచి చెప్పేడు. ఇసుకలోంచి తీసిన సిలికాన్‌ని అప్పడంలా పల్చని పలకలుగా కోస్తారట. దాని మీద పొరలు పరచడం, సన్నని గీతలు అచ్చువేయడం, అక్కర్లేని చోట చెక్కేయడం, చివర్న తప్పులు వెతకడం - ఒక్కొక్క పనికి ఒక్కొక్క రకం యంత్రం కావాలి. శాంటాక్లారాలో అప్లైడ్ మెటీరియల్స్, ఫ్రీమాంట్‌లో లామ్ రీసెర్చ్, మిల్పిటాస్‌లో కె.ఎల్.ఏ., నెదర్లాండ్స్‌లో ఏ.ఎస్.ఎం.ఎల్., జపాన్‌లో టోక్యో ఎలక్ట్రాన్ - ఈ యంత్రాల వ్యాపారంలో ప్రపంచంలో పెద్ద పేర్లు ఇవి. ఏ.ఎస్.ఎం.ఎల్. వాళ్ళు చేసే అతి నాజూకు అచ్చు యంత్రం ఒక్కటే పదిహేను కోట్ల డాలర్లకు పైమాటట! మన తెలుగు పిల్లలు ఇలాంటి కంపెనీల్లో చాలామందే ఉన్నారు.

2021 మీకు గుర్తుండే ఉంటుంది. కరోనాతో పిల్లలకి ఇంట్లోనే చదువులు. ఒక్కొక్కరికీ ఒక ఫోను కావాలి, కుదిరితే లాప్‌టాప్ కావాలి. కారు బుక్ చేసినవాళ్ళు నెలల తరబడి కాచుకున్నారు, చిప్పులు దొరక్క. ప్రపంచమంతా "చిప్పులో రామచంద్రా" అంటుంటే వాటిని చేసేవాళ్ళంతా ఒక్కసారే కొత్త ఫ్యాక్టరీలు మొదలుపెట్టేరు. యంత్రాల అమ్మకాలు 2020లో 7,120 కోట్ల డాలర్లు ఉన్నవి 2021లో 10,260 కోట్లకు చేరేయి. ఒక్క ఏడాదిలో నూటికి 44 పెరిగినట్టు. "అప్పా, మా కంపెనీకి ఊపిరి తీసుకోవడానికి తీరికలేదు. ఆర్డర్లు ఏడాదికి సరిపడా ఉన్నాయి" అని తమ్ముడు చెప్పేడు. కొనమని వాడు అనలేదు. ఆ మాట వాడి నెత్తిన వెయ్యలేను. మంచి వార్త విని, మనసు ఆగక కొన్నది నేనే.

అమెరికా షేర్లు మనం ఇక్కడినుంచి కొనుక్కోవచ్చు. ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపుకోవడానికి రిజర్వుబ్యాంకు నిబంధన ఒప్పుకుంటుంది. నా నాలుగు లక్షలు ఆ లెక్కలో ఏపాటి! 2021 డిసెంబరు ఆఖర్లో నాలుగు లక్షలూ ఒకే కంపెనీలో, ఒకే రోజున పెట్టేసేను. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తర్వాతి ఏడాది ఇంజనీరింగ్ ఫీజుకి ఆ డబ్బే ఆధారం. అప్పటికి ఇంకాస్త పెరుగుతుందిలే అనుకున్నాను.

పెరగలేదమ్మా. సంక్రాంతి వెళ్ళేక దిగడం మొదలు. ఉగాదికి దిగింది, వినాయక చవితికి ఇంకా దిగింది. చిప్ కంపెనీల షేర్లన్నీ కలిపి లెక్క చెప్పే ఫిలడెల్ఫియా సూచీ అని ఒకటుంది. 2021 డిసెంబరు చివర్లో అది 4,000 దాటి ఉండేది. 2022 అక్టోబరు మధ్యకి 2,200 కిందకి జారిపోయింది. నా షేరూ అంతే. నాలుగు లక్షలు రెండు లక్షల పైచిల్లరకి వచ్చేయి. రూపాయితో డాలరు ధర పెరగబట్టి ఆ చిల్లరైనా కనబడింది.

సరిగ్గా అప్పుడే అమ్మాయికి కౌన్సెలింగ్‌లో సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు, పుస్తకాలు. మావారు బడిపంతులు. ఆయన ఒక్కమాట అనలేదు. మర్నాడు ఉపాధ్యాయుల సొసైటీలో అప్పుకి కాగితం పెట్టి వచ్చేరు. ఆ కాగితం బల్ల మీద చూసినప్పుడు నాకు తిట్టినా బాగుండుననిపించింది. అప్పు చాలని మొత్తానికి నా షేర్లలో సగం అమ్మేను. రెండు లక్షలు పెట్టి కొన్నవాటికి చేతికొచ్చింది లక్షా మూడు వేలు. మా అమ్మ ఇచ్చిన తోటలో పాతిక వంతు గాలికి పోయినట్టే కదా!

ఆ దీపావళికి నెల్లిమర్ల దగ్గరున్న మా పుట్టింటికి వెళ్ళేను. మా నాన్న గోగునార మిల్లులో ఫిట్టరుగా ముప్ఫై ఏళ్ళు చేసి దిగిపోయిన మనిషి. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం - మా వైపు గోనెసంచి నేసే మిల్లుల చుట్టూ ఎన్ని సంసారాలు అల్లుకున్నాయో ఈ జిల్లాల వాళ్ళకి తెలుసు. మిల్లు ఆడితే మా ఇంట్లో చేపలపులుసు, గేటు మూస్తే గంజీ పచ్చిమిరపకాయ. అలా పెరిగేం.

నా మొహం చూసి నాన్న అడిగేడు, నేను చెప్పేసేను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "ఓలమ్మా, నువ్వు కొన్నది నేత నేసీవోడి షేరా, మగ్గం సేసీవోడి షేరా?" అన్నాడు.

"మగ్గం చేసేవాడిదే నాన్నా."

"అయితే ఇను" అని నేల మీద సున్నపురాయితో లెక్క వేసేడు. అది మీకూ వేసి చూపిస్తాను, ఎందుకంటే ఏ పుస్తకంలోనూ నాకు ఇంత తేలిగ్గా దొరకలేదు.

ఒక మిల్లులో 100 మగ్గాలున్నాయి. ఏటా పది అరిగిపోతాయి, కాబట్టి ఏటా పది కొత్తవి కొంటారు. ఇప్పుడు గోనెసంచులకి గిరాకీ నూటికి పది పెరిగింది. మిల్లువాడికి 110 మగ్గాలు కావాలి. అరిగినవాటికి బదులు పది, పెరిగినదానికి పది, మొత్తం ఇరవై కొంటాడు. సంచుల అమ్మకం పదోవంతే పెరిగినా మగ్గాలు అమ్మేవాడి వ్యాపారం రెట్టింపు! ఇక గిరాకీ నూటికి పది తగ్గిందనుకోండి. 90 మగ్గాలు చాలు. అరిగిన పది మూల పడేసి ఊరుకుంటాడు. కొత్తది ఒక్కటీ కొనడు. సంచుల అమ్మకం పోయింది పదోవంతే, మగ్గాలవాడి అమ్మకం సున్నా.

"మిల్లు బాగున్నప్పుడు కలకత్తా నుంచి మిసన్ల ఏజెంటొస్తే కోడికూర, సోడా. మిల్లుకి నలత సేస్తే బెల్టు తెగినా కుట్టుకోండనీవోడు మేనేజరు. ఆ ఏజెంటు సైకిలెక్కి తిరిగినా టీ ఇచ్చీవోడు లేడు. నువ్వు కోడికూర నాడు కొన్నావే గుంటా!" అన్నాడు నాన్న.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి ఈ లెక్క చెప్తే, "అప్పా, మా ఆఫీసులో గంటసేపు చెప్పే పాఠం నాన్న సున్నపురాయితో చెప్పేసేడు" అని ఆశ్చర్యపోయేడు. తర్వాత వాడు నాకు ఇంకో సంగతి చెప్పేడు. చిప్ ఫ్యాక్టరీ కట్టి, యంత్రాలు దింపి, సరుకు తియ్యడానికి రెండేళ్ళు పైన పడుతుంది. కరువు వచ్చిన రోజున అందరూ ఒక్కసారే కట్టడం మొదలుపెడతారు. అవన్నీ ఒక్కసారే పూర్తయ్యేసరికి కరువు పోయి సరుకు గోదాముల్లో పేరుకుంటుంది. అప్పుడు అందరూ ఒక్కసారే యంత్రాలు కొనడం ఆపేస్తారు. టమాటా ధర పెరిగిందని ఊరు ఊరంతా టమాటా వేసి, కోతకొచ్చేసరికి రోడ్డు మీద పారబోసినట్టు. 2001లో ఇలాగే జరిగింది. చిప్పుల అమ్మకాలు ఆ ఏడు నూటికి 32 పడిపోయేయట. 2009లో యంత్రాల అమ్మకాలు అంతకుముందు ఏడాది మీద దాదాపు సగమయ్యేయి.

ఇప్పుడు అసలు మాటకి వస్తున్నాను. 2022 సెప్టెంబరు చివర్లో మైక్రాన్ అనే మెమరీ చిప్పుల కంపెనీ యంత్రాల ఖర్చు బాగా తగ్గించుకుంటున్నామని చెప్పింది. అక్టోబరు 7న చైనాకి అధునాతన యంత్రాలు అమ్మకుండా అమెరికా ఆంక్షలు పెట్టింది. అక్టోబరు 13న తైవాన్‌లోని టి.ఎస్.ఎం.సి., అందరికంటే పెద్ద చిప్పుల తయారీదారు, ఆ ఏడు 4,000 కోట్ల డాలర్లు ఖర్చుపెడదామనుకున్నది 3,600 కోట్లకు తగ్గించింది. యంత్రాలు అమ్మేవాడికి ఇంతకంటే చెడ్డ వార్తలు ఉంటాయా? చోద్యమేమిటంటే, షేర్లు ఆ వారంలోనే అడుగుకి చేరి, అక్కణ్ణించి లేవడం మొదలుపెట్టేయి. చిప్పుల అమ్మకాలు మాత్రం 2023లో ఇంకా తగ్గేయి. 2022లో 57,400 కోట్ల డాలర్లు ఉన్నవి 52,700 కోట్లకి వచ్చేయి. వ్యాపారం ఇంకా దిగుతుంటే షేరు ముందే మెట్లెక్కేసింది. కొనేవాళ్ళు ఇవాళ్టి అమ్మకం చూసి కొనరట, ఏడాది తర్వాతది ఊహించి కొంటారట. అందుకే శుభవార్త పేపర్లోకి వచ్చేసరికి ధర ఎప్పుడో పెరిగిపోయి ఉంటుంది. నేను కొన్నది శుభవార్త నాడు, అమ్మింది చెడువార్త నాడు. రెండూ తిరగేసి చేశాను!

ఇంకొక ఉచ్చు కూడా చెప్తాను. షేరు చౌకా, ప్రియమా అని చూడడానికి కంపెనీ లాభంతో పోల్చి లెక్క కడతారు. ఈ యంత్రాల కంపెనీల్లో ఆ లెక్క తలకిందులుగా కనబడుతుంది. గిరాకీ పొంగినప్పుడు లాభం బ్రహ్మాండంగా ఉంటుంది కాబట్టి షేరు చౌకగా అనిపిస్తుంది. గిరాకీ ఎండినప్పుడు లాభం చిక్కిపోతుంది కాబట్టి అదే షేరు ప్రియంగా అనిపిస్తుంది. విరగకాసిన ఏటి దిగుబడి చూసి మామిడితోట కౌలుకి తీసుకున్నవాడు ఏమవుతాడో మనకి తెలియనిదా! నాలుగైదేళ్ళ సగటు కాపు చూడాలి కానీ ఒక్క ఏడు చూస్తే ఎలా?

ఈ తెలివి వచ్చేక నేను రెండు పనులు చేశాను. మిగిలిన సగం షేర్లు అమ్మలేదు. అమ్మాయి ఫీజు గండం ఎలాగూ గడిచింది కాబట్టి వాటిని మరిచిపోయేను. రెండోది, బ్లౌజులు కుట్టిన డబ్బులో నెలకి నాలుగు వేలు పక్కన పెట్టి, బ్యాంకు ఖర్చులు కలిసొస్తాయని మూడు నెలలకోసారి పన్నెండు వేల చొప్పున 2023 జనవరి నుంచి పంపేను. ఈసారి ఒక్క కంపెనీ కాదు, చిప్పులవాళ్ళూ యంత్రాలవాళ్ళూ అందరూ కలిసి ఉన్న ఫండులో.

ఆ జనవరిలో తమ్ముడి ఆఫీసులో వాడి పక్క కుర్చీవాళ్ళ ఉద్యోగాలు పోయేయి. "ఇప్పుడెందుకప్పా, ఇక్కడ అంతా దిగులుగా ఉంది" అన్నాడు. వాడి గొంతులో భయం నాకు వినబడింది. అప్పుడే నాకు ఇంకొకటి తట్టింది. వాడి జీతం, బోనసు, కంపెనీ ఇచ్చిన షేర్లు, ఇంటి అప్పు తీర్చే దారి - అన్నీ ఒక్క కుండలోనే ఉన్నాయి. కుండ పగిలితే ఉద్యోగమూ షేరూ ఒకే రోజున పోతాయి. మిల్లు గేటు మూసిన రోజున మా నాన్న జీతమూ, మిల్లువాళ్ళ మీద ఆధారపడ్డ మా పెదనాన్న కిరాణా కొట్టూ ఒక్కసారే మూతపడ్డాయి. అదే చెప్పేను. "నీ కడుపు నింపే చోటే నీ దాపుడు కూడా పెట్టకు తమ్ముడూ" అని. వాడి ఉద్యోగం దేవుడి దయవల్ల నిలబడింది. ఆ తర్వాత కంపెనీ షేర్లు వచ్చినప్పుడల్లా కొన్ని అమ్మి వేరేచోట పెడుతున్నాడు. మీ పిల్లలు, తమ్ముళ్ళు అక్కడ ఉంటే ఈ ఒక్క మాట వాళ్ళ చెవిన వెయ్యండి.

2023 డిసెంబరుకి ఆ సూచీ మళ్ళీ 4,000 దాటింది. నా మిగిలిన సగం రెండు లక్షల ఇరవై వేలు దాటింది. బ్లౌజుల డబ్బు నలభై ఎనిమిది వేలు అరవై వేలు దాటింది. అమ్మేసిన సగం అలాగే ఉంచి ఉంటే అనే లెక్క నేను రోజూ వెయ్యను కానీ, అప్పుడప్పుడు కూర తాలింపు పెడుతున్నప్పుడు దానంతటదే పడుతుంది.

ఇది చదివి "అయితే పడినప్పుడల్లా కొంటే సరి" అనుకోకండి. 2000 మార్చిలో అదే సూచీ 1,300 దాటి శిఖరానికెక్కింది. అక్కడ కొన్నవాళ్ళు మళ్ళీ ఆ ఎత్తు చూడడానికి పదిహేడేళ్ళకు పైగా పట్టింది. అప్పుడు పుట్టిన పిల్ల ఇంటర్ పూర్తిచేసే కాలం! సగం పడిందని కొన్నవాళ్ళు అది మళ్ళీ సగం పడడం కూడా చూసేరు. పైగా ఏ రెండు చక్రాలూ ఒకలా తిరగవు. 2023లో యంత్రాల అమ్మకాలు కూలిపోతాయని అందరూ భయపడితే, చైనావాళ్ళు ఎగబడి కొనడంతో 10,630 కోట్ల డాలర్ల దగ్గర దాదాపు నిలబడ్డాయి. అంతకుముందు ఏడు అవి 10,760 కోట్లు. అడుగు ఎక్కడుందో తమ్ముడికి తెలియదు, వాడి పై అధికారికీ తెలియదు. మనం తెలుసుకోగలిగింది రుతువు ఒక్కటే. ఆర్డర్లు పొంగుతున్నాయా, గోదాములో సరుకు పేరుకుంటోందా, పెద్ద చిప్ కంపెనీలు కొత్త ఖర్చు పెంచుతున్నాయా, కోసేస్తున్నాయా - ఇవి చూస్తే కోడికూర రోజో, బెల్టు కుట్టుకునే రోజో అర్థమవుతుంది.

ఇంకో జాగ్రత్త. విదేశీ షేర్లు ఉంటే ఆదాయపు పన్ను రిటర్నులో తప్పకుండా చూపించాలి. డివిడెండు మీద అమెరికాలోనే నూటికి పాతిక పట్టుకుని ఇస్తారు. ఈ కాగితాల పని తెలిసిన ఆడిటరుని ఒకసారి అడిగి గాని దిగకండి.

2025 ఆగస్టులో మన రాష్ట్రంలో చిప్పుల యూనిట్ ఒకదానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుందని వార్త వచ్చింది కదా. ఆ శ్రావణ శుక్రవారం పేరంటంలో వాయనం పుచ్చుకుంటూ పక్కింటి పిన్నిగారు, "మీ తమ్ముడు ఆ లైనే కదమ్మా, ఏ షేరు కొనమంటాడు?" అని అడిగేరు. ఆవిడ చేతిలో ఉన్నది మనవరాలి పెళ్ళికి దాచిన డబ్బు. యంత్రాల అమ్మకాలు అంతకుముందు ఏడు, అంటే 2024లో, 11,700 కోట్ల డాలర్లతో రికార్డు కొట్టేయి. పేరంటాల్లో కూడా చిప్పుల మాటే. మా నాన్న భాషలో చెప్పాలంటే కోడికూర వాసన వీధంతా వస్తోంది.

"పెళ్ళెప్పుడు పిన్నిగారూ?" అని అడిగేను.

"వచ్చే మాఘంలో."

"అయితే ఆ డబ్బుకి తేదీ ఉంది. తేదీ ఉన్న డబ్బు ఇందులో పెట్టకండి" అన్నాను. మూడేళ్ళ కిందట ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండునన్న మాట అది. ఆవిడ కొంచెం చిన్నబుచ్చుకున్నారు కానీ, మర్నాడు బ్యాంకులో డిపాజిట్టు వేసినట్టు చెప్పేరు.

మావారి ప్రశ్నకి జవాబు ఆ రోజు జాడీ దగ్గర ఇవ్వలేకపోయాను, ఇక్కడ ఇస్తున్నాను. చింతపండుకి ఒక నెలంటూ ఉంది. మార్చిలో దిగుతుంది, శ్రావణానికి పెరుగుతుంది. ఈ యంత్రాల షేర్లకి రుతువులున్నాయి గానీ పంచాంగం లేదు. అందుకే మా అమ్మాయి ఆఖరి సంవత్సరం ఫీజు పోస్టాఫీసులో ఉంది. మిగిలిన షేర్లు వాటి మానాన అవి ఉన్నాయి. బ్లౌజుల డబ్బు ప్రస్తుతానికి బ్యాంకులో ఊరికే కూర్చుంది. ఏజెంటుకి టీ ఇచ్చేవాడు కూడా కరువైన రోజున దాన్ని మళ్ళీ లేపుతాను.